నెలసరి ఆగాక నూనెల వాడకం: కొలత నుంచి రక్తపరీక్ష దాకా, ఒంటికి రాసే నూనెలతో సహా

వరసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్ వచ్చినట్టు లెక్క. ఆ మార్పుకు అటూ ఇటూ ఉన్న ఏడాది రెండేళ్లలోనే చాలామందిలో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్ అనేది) 10 నుంచి 15 శాతం పెరుగుతుంది. తిండి మారదు, బరువు కూడా పెద్దగా మారదు, రిపోర్టు మాత్రం మారిపోతుంది. రక్తంలో తిరిగే ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి లాక్కునే గ్రాహకాలు కాలేయం మీద ఉంటాయి. అవి తగినన్ని ఉండేలా చూసేది ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్. అది పడిపోతే గ్రాహకాలు తగ్గుతాయి, ఎల్‌డీఎల్ రక్తంలోనే నిలిచిపోతుంది.

నూనె సంగతి ఇక్కడే ముఖ్యమవుతుంది. సంతృప్త కొవ్వు (వెన్న, కొబ్బరి నూనె, పామాయిల్ లాంటివాటిలో ఎక్కువగా ఉండేది) ఎక్కువైతే తగ్గేవి కూడా అవే గ్రాహకాలు. అంటే నలభైల్లో ఎలాగోలా నెట్టుకొచ్చిన నూనె అలవాటు, యాభైల్లో అప్పటికే బలహీనపడిన చోటే మళ్లీ దెబ్బ కొడుతుంది. సరైన నూనెకు మారడం వల్ల వచ్చే లాభం కూడా ఇదే దారిలో వస్తుంది. అది హార్మోన్‌ను తిరిగి తేదు, ఎముకలను గట్టిపరచదు, వేడి ఆవిర్లను (ఒక్కసారిగా ఒళ్లు వేడెక్కి చెమట పట్టడం) ఆపదు. సంతృప్త కొవ్వు కూర్చున్న చోట అసంతృప్త కొవ్వు వచ్చి కూర్చుంటే ఎల్‌డీఎల్ దిగుతుంది. ఏ నూనె మంచిదన్న ప్రశ్న కంటే, అది దేని బదులు వస్తోందన్న ప్రశ్నకే ఎక్కువ విలువ.

కొవ్వు మొత్తాన్నీ కోసేస్తే సరిపోదా? దీన్ని పెద్ద ఎత్తునే పరీక్షించారు. అమెరికాలోని విమెన్స్ హెల్త్ ఇనీషియేటివ్‌లో 50 నుంచి 79 ఏళ్ల మధ్య ఉన్న 48,835 మంది మెనోపాజ్ దాటిన స్త్రీలను తీసుకుని, కొందరి ఆహారంలో కొవ్వును మొత్తం కేలరీల్లో 20 శాతానికి తగ్గించాలని లక్ష్యం పెట్టారు. సుమారు ఎనిమిదేళ్ల తర్వాత, 2006లో వచ్చిన ఫలితాల్లో గుండెజబ్బు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఆ ఆహారంలో కొవ్వు మొత్తం తగ్గిందే తప్ప మంచి కొవ్వు, చెడు కొవ్వు అన్న తేడా చూడలేదు. స్పెయిన్‌లో జరిగిన ప్రెడిమెడ్ అధ్యయనంలో దీనికి భిన్నంగా ఇంటికి వారానికి లీటరు చొప్పున ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె ఇచ్చి, మధ్యధరా పద్ధతి ఆహారం తినమన్నారు. పాల్గొన్న సుమారు 7,400 మందిలో సగానికి పైగా స్త్రీలే, వాళ్లు 60 దాటినవాళ్లు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి చూస్తే ఆ గుంపులో దాదాపు 30 శాతం తక్కువ. నూనె ఒక్కటే ఆ పని చేసిందనలేం, చుట్టూ ఉన్న ఆహారం కూడా మారింది కాబట్టి. నూనెకు భయపడాల్సిన పని లేదని మాత్రం తేలింది.

మొదటి అడుగు: ఇప్పుడు ఎంత వాడుతున్నారో కొలవండి

"మా ఇంట్లో నూనె తక్కువే" అనని వాళ్లుండరు. కొలిస్తేనే తెలుస్తుంది.

కొత్త సీసా తెరిచిన రోజు తేదీ దాని మీదే రాయండి. అయిపోయిన రోజు కూడా రాయండి. నెల పాటు ఇలా చేసి, మొత్తం మిల్లీలీటర్లను రోజులతో, తింటున్న మనుషులతో భాగించండి. నలుగురున్న ఇంట్లో నెలకు 3 లీటర్లు అయితే, మనిషికి రోజుకు 25 మిల్లీలీటర్లు. నూనె నీళ్ల కంటే తేలిక, మిల్లీలీటరు 0.91 గ్రాములే, కాబట్టి అది సుమారు 23 గ్రాములు. గ్రాముకు 9 కేలరీల చొప్పున 205 కేలరీలు. వేయించాక పారేసిన నూనె ఉంటే తీసేయండి. బయట తిన్నది ఈ లెక్కలోకి రాదు, దాన్ని విడిగా గుర్తుంచుకోండి.

వంటింటి చెంచాలను నమ్మకండి, 3 మిల్లీలీటర్లవీ ఉంటాయి, 8 మిల్లీలీటర్లవీ ఉంటాయి. మందు సీసాతో వచ్చే గీతల మూతతో మీ చెంచాను ఒకసారి కొలిచి పెట్టుకోండి. ఇక్కడ టీస్పూన్ అంటే 5 మిల్లీలీటర్లు (4.5 గ్రాములు, 40 కేలరీలు), టేబుల్ స్పూన్ అంటే 15 మిల్లీలీటర్లు (సుమారు 14 గ్రాములు, 120 కేలరీలు).

ఇక హద్దు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మార్గదర్శకాల ప్రకారం మొత్తం కొవ్వు కేలరీల్లో 30 శాతం లోపు, సంతృప్త కొవ్వు 10 శాతం లోపు, ట్రాన్స్ కొవ్వు (ముఖ్యంగా నూనెను పాక్షికంగా హైడ్రోజనీకరించి గట్టిపరిచినప్పుడు పుట్టేది) 1 శాతం లోపు ఉండాలి. రోజుకు 1,800 కేలరీలు తినే స్త్రీకి ఇది మొత్తం కొవ్వు 60 గ్రాములు, సంతృప్త కొవ్వు 20 గ్రాములు. ఎల్‌డీఎల్ ఇప్పటికే ఎక్కువగా ఉంటే అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పే 5–6 శాతం హద్దు వర్తిస్తుంది, అంటే 10–12 గ్రాములు. మొత్తం 60లో పాలు, మాంసం, గింజలు, చిరుతిళ్లలో కంటికి కనబడకుండా ఉండే కొవ్వే చాలాసార్లు సగానికి పైగా తినేస్తుంది. మిగిలేది 20–27 గ్రాముల నూనె, అంటే నాలుగు నుంచి ఆరు టీస్పూన్లు. కేలరీల అవసరం తక్కువైతే ఇదీ తగ్గుతుంది. వయసుతో కండ తగ్గి ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది కాబట్టి, పాత కొలతే కొనసాగిస్తే అది పొట్ట దగ్గర చేరుతుంది. రోజుకు ఒక్క టీస్పూన్ అదనమైతే ఏడాదికి 14,600 కేలరీలు.

రెండో అడుగు: లక్ష్యాన్ని సీసాలో పోయండి

మనిషికి రోజుకు 20 మిల్లీలీటర్లు చాలనుకుంటే, నలుగురికి వారానికి 560 మిల్లీలీటర్లు. ప్రతి వారం మొదటి రోజున అంత కొలిచి చిన్న సీసాలో పోసి, వంటకు ఆ సీసానే వాడండి. పెద్ద డబ్బా కంటికి కనబడకూడదు. నాలుగో రోజుకే ఖాళీ అయితే ఎక్కడ పోతోందో ఆ వారమే తెలిసిపోతుంది. వంట చేసేవాళ్లు వేరే అయితే ఈ లెక్క వాళ్లకు తెలియాలి, లేకపోతే పెద్ద డబ్బా మళ్లీ బయటికొస్తుంది.

తగ్గించే చోట్లు కొన్ని చెప్పుకోవాలి. పాత్ర వేడెక్కాక నూనె వేస్తే పల్చబడి త్వరగా పరుచుకుంటుంది, తక్కువ సరిపోతుంది. వేపుళ్లలో చాలామంది గమనించనిది ఒకటుంది: పదార్థం నూనెను ఎక్కువగా పీల్చేది నూనెలో మునిగి ఉన్నప్పుడు కాదు, బయటికి తీశాక. వేగుతున్నంతసేపూ లోపలి ఆవిరి బయటికి తన్నుతూ నూనెను రానివ్వదు. తీయగానే ఆ ఆవిరి చల్లబడి కుదించుకుపోతుంది, పైనున్న నూనె లోపలికి లాగబడుతుంది. అందుకే తీసిన మొదటి నిమిషంలోనే బాగా విదిలించి, జాలీ మీద పరచాలి. గిన్నెలో కుప్పగా పోస్తే అడుగున చేరిన నూనెను అవే తాగేస్తాయి. పల్చగా కోసిన చిప్స్ బరువులో మూడో వంతు దాకా నూనే ఉంటుంది, ఏ నూనెలో వేయించినా సరే.

మూడో అడుగు: నూనెను ఎంచుకోండి

రోజుకు 25 గ్రాముల నూనె వాడితే అందులో సంతృప్త కొవ్వు ఎంతో చూడండి. పంటను, శుద్ధిని బట్టి అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి.

కొబ్బరి నూనె, పామ్ గింజ నూనె: 20 గ్రాములకు పైనే
పామాయిల్: 12
పత్తిగింజల నూనె: 6.5
తవుడు నూనె: 5
వేరుశనగ నూనె: 4 కాస్త పైన
సోయా, నువ్వులు, ఆలివ్: 3.5 చుట్టుపక్కల
మొక్కజొన్న నూనె: 3 కాస్త పైన
పొద్దుతిరుగుడు: 2.5
కనోలా (ఆవ జాతి గింజల నూనె): 2 లోపు

కొబ్బరి నూనె ఒక్కటే రోజు మొత్తం కోటాను మింగేస్తుంది. అది మొక్క నుంచి వచ్చింది కదా, కొలెస్ట్రాల్ ఉండదు కదా అంటారు. ఏ మొక్క నూనెలోనూ కొలెస్ట్రాల్ చెప్పుకోదగ్గంత ఉండదు. ఎల్‌డీఎల్‌ను పెంచేది తిన్న కొలెస్ట్రాల్ కంటే సంతృప్త కొవ్వే. పలు పరీక్షలను కలిపి 2020లో చేసిన విశ్లేషణలో, పామాయిల్ లాంటివి కాని మొక్క నూనెలతో పోలిస్తే కొబ్బరి నూనె ఎల్‌డీఎల్‌ను డెసిలీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు పెంచింది. హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అనేది) కూడా 4 దాకా పెరిగింది, దాన్నే చాలామంది ప్రచారం చేస్తారు. హెచ్‌డీఎల్‌ను పెంచే మందులతో చేసిన పెద్ద ప్రయోగాల్లో గుండెపోట్లు ఆశించినట్టు తగ్గలేదు కాబట్టి, ఆ 4ను చూసి ఈ 10ని వదిలేయడం తెలివైన బేరం కాదు.

మార్పు వల్ల ఎంత దిగుతుందో ముందే అంచనా వేయొచ్చు. కేలరీల్లో 1 శాతం సంతృప్త కొవ్వు తీసి ఆ చోట బహుళ అసంతృప్త కొవ్వు పెడితే ఎల్‌డీఎల్ సుమారు 2 మిల్లీగ్రాములు తగ్గుతుంది, ఏక అసంతృప్త కొవ్వు పెడితే 1.6. రోజుకు 25 గ్రాముల పామాయిల్ నుంచి అంతే కనోలాకు మారితే సంతృప్త కొవ్వు 10 గ్రాములు తగ్గుతుంది, అంటే 90 కేలరీలు, 1,800లో 5 శాతం. ఎల్‌డీఎల్ 8–10 దిగాలి. వెన్న, క్రీమ్ తగ్గించి నూనె వాడినా ఇదే లెక్క. ఇప్పటికే పొద్దుతిరుగుడు నూనె వాడుతున్నవారు ఆలివ్‌కు మారితే ఎల్‌డీఎల్‌లో పెద్ద తేడా ఆశించకండి, తీయడానికి అక్కడ సంతృప్త కొవ్వు లేదు. ఖరీదైన సీసా కొని నిరాశపడేది సరిగ్గా ఇక్కడే.

ఒమేగా-6 ఎక్కువున్న నూనెలు (పొద్దుతిరుగుడు, సోయా, మొక్కజొన్న లాంటివి) ఒంట్లో వాపు పెంచుతాయన్న మాట బాగా తిరుగుతోంది. వాటిలోని ముఖ్యమైన ఒమేగా-6 కొవ్వు, లినోలిక్ ఆమ్లం, పెంచి మనుషుల మీద చేసిన ప్రయోగాల్లో రక్తంలోని వాపు సూచికలు పెరగలేదు. ఒమేగా-6కు భయపడి సంతృప్త నూనెకు వెళ్లడం పూర్తిగా వెనకడుగు.

తవుడు, మొక్కజొన్న, నువ్వుల నూనెల్లో కొలెస్ట్రాల్‌ను పేగుల్లో అడ్డుకునే స్టెరాల్స్ ఉంటాయి. నిజమే, కానీ ఎల్‌డీఎల్‌ను 8–10 శాతం తగ్గించాలంటే రోజుకు 2 గ్రాముల స్టెరాల్స్ కావాలి. టేబుల్ స్పూన్ తవుడు నూనెలో ఉండేది 0.16 గ్రాములు. దాని కోసం నూనె పెంచుకుంటూ పోలేం.

సోయా నూనె గురించి మరో అపోహ. సోయాలో ఈస్ట్రోజెన్‌ను పోలిన ఐసోఫ్లేవోన్లు ఉంటాయి, కాబట్టి సోయా నూనె మెనోపాజ్‌కు మంచిదంటారు. ఐసోఫ్లేవోన్లు నూనెలో కరిగే పదార్థాలు కావు, పిండిలోనే ఉండిపోతాయి. శుద్ధి చేసిన సోయా నూనెలో అవి దాదాపు ఉండవు. అవిసెల్లోని లిగ్నాన్లూ ఈస్ట్రోజెన్‌ను పోలినవే, వాటి సంగతీ అంతే: గింజలో ఉంటాయి, నూనెలోకి రావు. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లు హార్మోన్ భయంతో ఈ వంటనూనెలను మానేయనక్కర్లేదు. క్యాప్సూళ్ల రూపంలో వచ్చే మూలికా సారాల విషయం వేరు, అవి ఆంకాలజిస్టును అడగకుండా వద్దు.

సంతృప్త కొవ్వు తక్కువగా ఉన్న రెండు నూనెలను, ఒకటి వేడికి నిలిచేది, ఒకటి పచ్చిగా వాడుకునేది, పెట్టుకుంటే చాలు. వాటిని ఒకే డబ్బాలో కలపకండి. త్వరగా పాడయ్యేది రెండోదాన్నీ పాడుచేస్తుంది.

నాలుగో అడుగు: ఒమేగా-3 లెక్క

మొక్కల్లో దొరికే ఒమేగా-3 ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. స్త్రీలకు రోజుకు 1.1 గ్రాములు సరిపోతుంది. ఒక టీస్పూన్ అవిసె నూనెలో 2.4 గ్రాములు, టేబుల్ స్పూన్ కనోలాలో 1.3, టేబుల్ స్పూన్ సోయా నూనెలో గ్రాము కంటే కాస్త తక్కువ, టేబుల్ స్పూన్ అవిసె పొడిలో 1.6 ఉంటుంది. గ్రాము అవిసె నూనె క్యాప్సూల్‌లో అర గ్రాము. కనోలా లేదా సోయా నూనె రోజూ వాడే ఇంట్లో అవిసె నూనె కొనాల్సిన అవసరం చాలావరకు ఉండదు. మిగతావారికి నూనె కంటే అవిసె పొడే మేలు, పీచూ లిగ్నాన్లూ కూడా వస్తాయి. గింజలు పగలకపోతే అలాగే బయటికి పోతాయి కాబట్టి పొడి చేయాలి, వారానికి సరిపడా చేసి ఫ్రిజ్‌లో పెట్టాలి.

ఈ ఆమ్లాన్ని శరీరం చేపల్లో దొరికే రూపాల్లోకి మార్చుకుంటుంది, కానీ చాలా కొద్దిగా. ఆ మార్పిడికి ఈస్ట్రోజెన్ తోడ్పడుతుంది, అందుకే వయసులో ఉన్న స్త్రీలలో అది పురుషుల కంటే మెరుగ్గా జరుగుతుంది. మెనోపాజ్ తర్వాత ఆ అదనపు వాటా ఉండదు. అవిసె నూనె తాగుతున్నాం కాబట్టి చేప తిన్నట్టే అనుకోవడం ఈ వయసులో మరీ తప్పు. చేప తిననివారు నాచు నుంచి తీసిన డీహెచ్‌ఏ (చేపల్లో ఉండే ఒమేగా-3 రూపాల్లో ఒకటి) గురించి డాక్టర్‌తో మాట్లాడవచ్చు.

ఐదో అడుగు: వేడి, కొనుగోలు, నిల్వ

నూనెను పాడుచేసేవి వేడి, గాలి, వెలుతురు, లోహం. బహుళ అసంతృప్త కొవ్వు ఎక్కువున్న నూనె వీటికి త్వరగా లొంగుతుంది. వేపుళ్లకు 170–180 డిగ్రీల సెల్సియస్ కావాలి. ఆ వేడిలో చాలాసేపు ఉండాల్సిన పనికి వేరుశనగ, తవుడు, అధిక ఓలిక్ రకం (ఏక అసంతృప్త కొవ్వు ఎక్కువుండే) పొద్దుతిరుగుడు నూనెలు నయం. మామూలు పొద్దుతిరుగుడు, సోయా, మొక్కజొన్న కొద్దిసేపటి వంటకు బాగుంటాయి. ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ 190 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, దానితో వండకూడదన్నది అపోహ. అవిసె నూనె 107 డిగ్రీలకే పొగలొస్తుంది, దాన్ని స్టవ్ దగ్గరికే తీసుకెళ్లకండి, వండిన ఆహారం మీద చివర్లో వేసుకోండి.

వేయించిన నూనెను మళ్లీ వాడాల్సి వస్తే చల్లారగానే సన్నని గుడ్డలో వడకట్టి, మూత గట్టిగా పెట్టి, ఒకటి రెండు రోజుల్లో మామూలు వంటకు వాడేయండి. అడుగున మిగిలిన మాడు ముక్కలు, తడి ఈ రెండే పాడయ్యే వేగాన్ని పెంచుతాయి. పాత నూనెలో కొత్త నూనె పోసి నింపడం మానండి. నురగ తగ్గకపోయినా, చిక్కబడినా, ముందుకంటే తక్కువ వేడికే పొగ వచ్చినా పారేయండి. కళాయి లేని రాగి, ఇత్తడి పాత్రల్లో నూనె నిల్వ చేయకూడదు. రాగి రవ్వంత కలిసినా ఆక్సీకరణ వేగం పెరుగుతుంది.

కొనేటప్పుడు పోషక విలువల పట్టికలో 100 గ్రాములకు ఎంత అన్న గడి చూడండి, ఒక వడ్డింపుకు ఎంత అన్నది కాదు. కొన్ని దేశాల్లో వడ్డింపుకు అర గ్రాము లోపు ట్రాన్స్ కొవ్వు ఉంటే సున్నా అని రాయొచ్చు. పదార్థాల జాబితాలో "పాక్షికంగా హైడ్రోజనీకరించిన" అన్న మాట కనిపిస్తే ముందున్న సున్నాను నమ్మకండి. మిశ్రమ నూనె అయితే ఏది ఎంత శాతమో వెతకండి. పేరు ముందు పెద్దక్షరాల్లో ఉన్న నూనే తక్కువ పాళ్లలో ఉండొచ్చు. కొలెస్ట్రాల్ లేదు అన్న ముద్రకు విలువ లేదని పైనే చూశాం.

తెరిచిన నెలా రెండు నెలల్లో అయిపోయే సీసానే కొనండి. ముదురు గాజు లేదా రేకు డబ్బా, పొయ్యికి దూరంగా. అవిసె నూనె ఫ్రిజ్‌లోనే ఉండాలి, తెరిచాక ఆరు నుంచి ఎనిమిది వారాల్లో ముగించాలి. రంగు డబ్బా వాసన, పాత మైనం వాసన, నాలుక చివర గీరుకున్నట్టుండే రుచి వస్తే పాడైనట్టు. అవిసె నూనె సహజంగానే కొంచెం చేదు కాబట్టి, తెరిచిన రోజు రుచి చూసి గుర్తుపెట్టుకుంటే తేడా పట్టుకోవచ్చు.

ఆరో అడుగు: రక్తపరీక్షతో సరిచూడండి

నూనె మార్చే ముందు ఒక లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలోని కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్ అనే కొవ్వుల పరీక్ష), మార్చాక 8–12 వారాలకు మరొకటి చేయించండి. మరీ ముందే చేయిస్తే పూర్తి ప్రభావం కనబడకపోవచ్చు. రెండూ ఒకే ల్యాబ్‌లో, ఒకే పద్ధతిలో, అంటే రెండుసార్లూ పరగడుపున లేదా రెండుసార్లూ మామూలుగా. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువున్నవారు పరగడుపునే చేయించాలి, అవి 400 దాటితే లెక్కగట్టి వేసే ఎల్‌డీఎల్ అంకె నమ్మదగింది కాదు.

ఫలితాన్ని చదవడంలోనే చాలామంది తడబడతారు. ఏ మార్పూ చేయకపోయినా ఒకే మనిషిలో ఎల్‌డీఎల్ రోజుకో రకంగా 5–10 శాతం అటూ ఇటూ ఊగుతుంది. 150 ఉన్నవారికి అది 8 నుంచి 15 మిల్లీగ్రాములు. నూనె మార్పు తెచ్చే తగ్గుదల కూడా దాదాపు అంతే. కాబట్టి ఒక్క పరీక్షలో 8 తగ్గిందని సంబరపడటానికి, తగ్గలేదని మానేయడానికి ఆధారం లేదు. ముందు రెండు, తర్వాత రెండు చేయించి సగటులు పోల్చడం సరైన పద్ధతి. ఆ మూడు నెలల్లో బరువు తగ్గితే దాని ప్రభావం కూడా ఈ అంకెలోనే ఉంటుందని గుర్తుంచుకోండి.

అన్నీ సరిగ్గా చేసినా ఎల్‌డీఎల్ పెరుగుతూనే ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, ఈ వయసు స్త్రీలలో అది సాధారణం, అలసటా బరువూ మెనోపాజ్ ఖాతాలో పడిపోయి దొరకకుండా పోతుంది. 190 దాటిన ఎల్‌డీఎల్‌కు, ఇప్పటికే గుండెజబ్బు లేదా మధుమేహం ఉన్నవారికి నూనె మార్పు మందుకు తోడు మాత్రమే. కొలెస్ట్రాల్ తగ్గించే మందు స్టాటిన్ సాధారణంగా 30 నుంచి 50 శాతం తగ్గిస్తుంది, నూనె తగ్గించేది 5–7 శాతం. మంచి నూనె మొదలుపెట్టామని స్టాటిన్ ఆపడం ప్రమాదకరం. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే మంచి నూనె కూడా తగ్గించాల్సిందే, క్లోమం వాచే ముప్పుంది.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడుతున్నవారికి ఒక హెచ్చరిక. సోయా, కనోలా, ఆలివ్ నూనెల్లో విటమిన్-కె ఉంటుంది, రెండు టేబుల్ స్పూన్ల సోయా నూనెలో సుమారు 50 మైక్రోగ్రాములు. వాడకూడదని కాదు, ఒక్కసారిగా మార్చకూడదు. మారిస్తే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగాన్ని చూసే) పరీక్ష ముందుకు జరపమని అడగండి.

వేడి ఆవిర్లకు అమ్మే క్యాప్సూళ్లు

ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనె వీటిలో ముందుంటుంది. గామా లినోలెనిక్ ఆమ్లం 8–10 శాతం ఉంటుంది, దానికి హార్మోన్ లక్షణం లేదు. 1994లో బ్రిటన్‌లో 56 మందికి ఆరు నెలలు, రోజుకు 4 గ్రాముల చొప్పున ఇచ్చి చూశారు, మందు లేని ఉత్త మాత్రల కంటే మెరుగేమీ కనబడలేదు. అమ్మే క్యాప్సూళ్లలో ఉండేది సాధారణంగా అర గ్రాము లేదా గ్రాము. ఉత్తర అమెరికా మెనోపాజ్ సొసైటీ 2023లో ఇచ్చిన ప్రకటనలో వేడి ఆవిర్లకు మూలికలు, సప్లిమెంట్లను సిఫారసు చేయలేదు. అయినా వాడి చూడాలనుకుంటే ముందు రెండు వారాలు, వాడుతూ ఎనిమిది వారాలు, రోజుకు ఎన్ని ఆవిర్లు వచ్చాయో రాసుకోండి. ఉత్త మాత్రతోనే చాలామందికి లెక్క గణనీయంగా తగ్గుతుంది కాబట్టి సగానికి తగ్గకపోతే ఆపేయండి. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, మూర్ఛ ఉన్నవారు అసలు మొదలుపెట్టొద్దు. ఆపరేషన్‌కు రెండు వారాల ముందు మానాలి. నిద్ర చెడేంత ఆవిర్లుంటే హార్మోన్ చికిత్స, అది కుదరని వారికి హార్మోన్ లేని మందులు ఉన్నాయి. నెలల తరబడి క్యాప్సూళ్లతో ఓర్చుకోవడం వృథా.

లావెండర్ లాంటి సుగంధ తైలాలు మింగేవి కావు. మర్దనకు 30 మిల్లీలీటర్ల మామూలు నూనెలో 6 నుంచి 12 చుక్కలు, అంతకు మించితే చర్మం మండుతుంది. హాయిగా అనిపించి నిద్ర పడితే మంచిదే, అంతకు మించి ఆశించకండి.

చర్మానికి

మెనోపాజ్ తర్వాత మొదటి ఐదేళ్లలో చర్మంలోని కొల్లాజెన్ సుమారు 30 శాతం తగ్గుతుంది, సహజ జిడ్డు కూడా తగ్గుతుంది. నూనె కొల్లాజెన్‌ను తేదు, తేమను పట్టి ఉంచుతుంది. పొడి చర్మం మీద నూనె రాస్తే తేమే లేని చోట మూత పెట్టినట్టు. స్నానం చేసి, తుడుచుకుని, ఒళ్లు ఇంకా తడితడిగా ఉండగానే, మూడు నిమిషాల్లోపు రాయాలి. కాళ్లూ చేతులకు 5–10 మిల్లీలీటర్లు, ముఖానికి నాలుగైదు చుక్కలు చాలు.

వంటకు గొప్పదైన ఆలివ్ నూనె ఇక్కడ వెనకబడుతుంది. అందులోని ఓలిక్ ఆమ్లం చర్మపు పై పొర అమరికను చెదరగొడుతుందని పరీక్షల్లో తేలింది. లినోలిక్ ఎక్కువున్న పొద్దుతిరుగుడు నూనె ఆ పొరను కాపాడింది. అధిక ఓలిక్ రకం పొద్దుతిరుగుడు వద్దు, మామూలుదే కావాలి. కొత్త నూనె ఏదైనా మోచేతి లోపలి వైపు రాసి రెండు రోజులు చూశాకే మిగతా చోట్ల వాడండి.

అరికాళ్లకు రాసుకుంటే మేజోళ్లు వేసుకునే నిలబడండి, బాత్‌రూమ్‌లో అసలు రాసుకోకండి. ఎముక వేగంగా పలచబడే ఈ కాలంలో నున్నటి నేల మీద జారి మణికట్టు, తుంటి విరగ్గొట్టుకోవడం ఏ పొడి చర్మం కంటే పెద్ద నష్టం. నూనె బాగా పట్టిన తువ్వాళ్లను వేడి గాలితో ఆరబెట్టే యంత్రంలో వేయొద్దు, ఉతికాక కూడా మిగిలే నూనె వేడికి మంట అంటుకునే ప్రమాదం ఉంది.

యోని పొడిబారినప్పుడు

దీని గురించి అడగడానికి సిగ్గుపడి వంటింటి సీసానే ఆశ్రయించేవారు ఎక్కువ. ఈస్ట్రోజెన్ తగ్గాక లోపలి పొర పలచబడుతుంది, ఆమ్లత తగ్గి సూక్ష్మజీవుల సమతూకం మారుతుంది. అలాంటి చోట నూనె త్వరగా పోదు, అంటుకుని ఉండిపోతుంది. కొందరిలో అది ఈస్ట్ ఇన్ఫెక్షన్లకు దారితీస్తుంది. మధుమేహం ఉన్నవారు, తరచూ ఇన్ఫెక్షన్లు వచ్చేవారు నూనెలు వాడకపోవడమే మంచిది.

వాడదలిస్తే బయటి భాగానికి, ఏ సువాసనా కలపని శుద్ధమైన నూనె, కొన్ని చుక్కలు. వంటింటి సీసా వద్దు, విడిగా చిన్న సీసా పెట్టుకోవాలి. డబ్బాలో వేళ్లు ముంచకుండా చుక్కలుగా తీసుకోవాలి. సుగంధ తైలం ఒక్క చుక్క కూడా వద్దు. లేటెక్స్ కండోమ్ వాడేవారు నూనెను దగ్గరికి రానివ్వకూడదు. కొద్ది నిమిషాల్లోనే రబ్బరు బలహీనపడి చిరుగుతుంది, ఈ వయసులో గర్భభయం లేకపోయినా అంటువ్యాధుల భయం ఉంటుంది.

లోపలికి వాడటానికి నీటి ఆధారిత లేదా సిలికాన్ లూబ్రికెంట్లు మెరుగు. నీటి ఆధారిత రకమైతే పీహెచ్ (ఆమ్లత కొలత) 4.5 చుట్టుపక్కల, ఆస్మోలాలిటీ (అందులో కరిగిన పదార్థాల గాఢత) వీలైతే 380 లోపు, ఎట్టి పరిస్థితిలోనూ 1,200 లోపు ఉన్నది చూడండి. ఆ అంకె ఎక్కువైతే పొరలోని నీటినే బయటికి లాగి ఇంకా మండిస్తుంది. లూబ్రికెంట్ ఆ పూటకే. రోజువారీ పొడికి వారానికి రెండు మూడుసార్లు వాడే మాయిశ్చరైజర్ వేరే ఉంటుంది.

నోటి ద్వారా తీసుకునే నూనెల్లో సీబక్‌థార్న్ (ఒక ముళ్లపొద పండు) నూనె మీద ఫిన్లాండ్‌లో ఒక చిన్న పరీక్ష జరిగింది. రోజుకు 3 గ్రాములు, మూడు నెలలు వాడితే యోని పొర స్థితి కొంత మెరుగైన సూచన కనిపించింది. ఆశాజనకమే, గట్టి రుజువు కాదు. బాగా పనిచేసేది డాక్టర్ రాసే తక్కువ మోతాదు యోని ఈస్ట్రోజెన్. అది రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు మాత్రం ఆంకాలజిస్టుతో మాట్లాడాకే వాడాలి.

నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా, పొడి వల్ల ఒరుసుకుపోయిందిలే అని నూనె రాసి ఊరుకోకండి. ఆ వారంలోనే గైనకాలజిస్టుకు చూపించాలి. గర్భాశయ పొర మందాన్ని అల్ట్రాసౌండ్‌లో చూసి, అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు.